మాదకద్రవ్య వ్యసనానికి టీకా: ఆశలు, ప్రమాదాలు – లింగంపల్లి పరిసరాల చారిత్రక అనుభవం

వ్యాససంగ్రహం

మాదకద్రవ్యం మెదడును చేరకముందే దాన్ని రక్తంలో పట్టి ఆపే టీకా సాధ్యమేనన్న ఆలోచనకు అర్ధశతాబ్దికి పైబడిన చరిత్ర ఉంది. నికోటిన్, కొకెయిన్ టీకాలు మనుషులపై పరీక్షల దాకా వెళ్లి ఆశించిన ఫలితం ఇవ్వలేకపోయాయి. ఓపియాయిడ్ టీకాల పరిశోధన ఇప్పుడు ముందుకు సాగుతున్నది. ఈ టీకాల తయారీకి మూలమైన కాంజుగేట్ సాంకేతికత హైదరాబాదు సంస్థలకు కరతలామలకం. అదే నగరం పడమటి అంచున, లింగంపల్లి పరిసరాల్లో, మత్తుకు, దాని నియంత్రణకు ప్రత్యేకమైన చరిత్ర ఉంది. కల్తీ కల్లులో మత్తుమందులు మారిన తీరు, 2004, 2015 సంవత్సరాల్లో జరిగిన కట్టడి చర్యల పర్యవసానం, 2009లో ఖమ్మం జిల్లాలో సాగిన టీకా కార్యక్రమంలో సమ్మతి వివాదం – ఈ మూడు అనుభవాల వెలుగులో వ్యసన టీకా హామీని, పరిమితులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వ్యసనం, టీకా, ప్రతిరక్షకాలు, కల్తీ కల్లు, అల్ప్రాజోలం, సమ్మతి, లింగంపల్లి, సైబరాబాద్.

1. ఉపోద్ఘాతం

లింగంపల్లి రైల్వేస్టేషను చుట్టూ పది పదిహేను కిలోమీటర్ల పరిధిలో అరవై ఏళ్ల తెలంగాణ ఆర్థిక చరిత్ర పొరలు పొరలుగా పేరుకొని ఉంది. 1960లలో రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం వెలిసింది. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల్లో పారిశ్రామికవాడలు విస్తరించి, మందుల ముడిసరుకు తయారుచేసే పరిశ్రమలకు కేంద్రాలయ్యాయి. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2003 ఆగస్టులో సికింద్రాబాదు – లింగంపల్లి ఎం.ఎం.టి.ఎస్. రైలు ఈ పొరలన్నిటినీ ఒక దారానికి గుచ్చింది. కర్మాగారపు కార్మికుడు, విశ్వవిద్యాలయ విద్యార్థి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, భవన నిర్మాణ కూలీ ఒకే ప్లాట్‌ఫారం మీద నిలబడే చోటు ఇది.

ఈ వర్గాల మత్తు ఒకటి కాదు. శ్రామిక వాడలది కల్లు కాంపౌండు, సారా, మద్యం చరిత్ర. మందుల పరిశ్రమ విస్తరణతో పాటు దాని రసాయన నైపుణ్యం చాటుదారుల్లో కల్తీకి మళ్లిన చరిత్ర మరొకటి. 2017లో హైదరాబాదులో బయటపడి రాష్ట్రాన్ని కుదిపిన ఎల్.ఎస్.డి., ఎం.డి.ఎం.ఎ. కేసు మూడో చరిత్రను ముందుకు తెచ్చింది. వ్యసనాన్ని నయం చేసే టీకా వస్తుందన్న వార్తలు అప్పుడప్పుడు పత్రికల్లో ఆశను రేకెత్తిస్తుంటాయి. ఆ టీకా నిజంగా వస్తే ఇందులో ఏ మత్తుకు పనిచేస్తుంది? ఎవరి శరీరంలోకి, ఎవరి నిర్ణయంతో వెళుతుంది? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం ప్రయోగశాలలో సగమే దొరుకుతుంది. మిగిలిన సగం స్థానిక చరిత్రలో ఉంది.

2. గురివింద నుంచి మార్ఫిన్ దాకా

విషానికి శరీరాన్ని అలవాటు చేసి రక్షణ కల్పించవచ్చునన్న ఆధునిక ఆలోచనకు పునాది వేసిన ప్రయోగాల్లో రెండు తెలుగువారి చేలగట్ల మీద కనిపించే గింజలతో జరిగాయి. 1891లో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిఖ్ ఆముదపు గింజలోని రైసిన్‌ను, గురివింద గింజలోని అబ్రిన్‌ను ఎలుకలకు అత్యల్ప మోతాదుల్లో మొదలుపెట్టి క్రమంగా పెంచుతూ ఇచ్చాడు. కొన్నాళ్లకు అవి ప్రాణాంతకమైన మోతాదును కూడా తట్టుకోగలిగాయి. వాటి రక్తంలో విషాన్ని నిర్వీర్యం చేసే పదార్థాలు పుట్టాయని తేలింది.

మొక్కల విషానికి సాధ్యమైనది మార్ఫిన్‌కు ఎందుకు కాదన్న ప్రశ్న వెంటనే తలెత్తింది. 1902లో లియో హిర్ష్‌లాఫ్ మార్ఫిన్‌కు విరుగుడు సీరం తయారు చేశానని ప్రకటించాడు. మరుసటి ఏడాదే మోర్గెన్‌రోత్ ఆ వాదాన్ని ఖండించాడు. కారణం తర్వాత తెలిసింది. రైసిన్, అబ్రిన్‌లు పెద్ద ప్రోటీన్లు. శరీర రక్షణ వ్యవస్థ వాటిని పరాయి పదార్థాలుగా గుర్తుపడుతుంది. మార్ఫిన్, కొకెయిన్, నికోటిన్ వంటివి చాలా చిన్న అణువులు. అవి ఒంటరిగా వస్తే రక్షణ వ్యవస్థ కంటికి ఆనవు. చిన్న అణువును పెద్ద ప్రోటీనుకు రసాయనికంగా తగిలించి ఇస్తే దానికీ ప్రతిరక్షకాలు పుడతాయని ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లో కార్ల్ లాండ్‌స్టైనర్ చేసిన పరిశోధనలు నిరూపించాయి. అలా తగిలించే చిన్న అణువుకే హాప్టెన్ అని పేరు. వ్యసన టీకాల శాస్త్రమంతా ఈ సూత్రం మీదే నిలిచింది.

ఈ సూత్రం మాదకద్రవ్యాల రంగంలోకి మొదట చికిత్సగా రాలేదు, పరీక్షగా వచ్చింది. 1970లో సిడ్నీ స్పెక్టర్, చార్లెస్ పార్కర్ మార్ఫిన్‌ను ప్రోటీనుకు తగిలించి ప్రతిరక్షకాలు పుట్టించి, వాటి సాయంతో రక్తంలో మార్ఫిన్ జాడను కొలిచే పద్ధతిని ప్రచురించారు. 1971లో వియత్నాం నుంచి స్వదేశానికి తిరిగి వచ్చే అమెరికా సైనికులందరికీ మూత్రపరీక్ష తప్పనిసరి చేసినప్పుడు ఉపయోగపడినది మార్ఫిన్ ప్రతిరక్షకాలతో పనిచేసే పరీక్షే. 1974లో బొనీస్, ఆయన సహచరులు హెరాయిన్‌కు, కొకెయిన్‌కు అలవాటుపడిన ఒక రీసస్ కోతికి మార్ఫిన్ టీకా ఇచ్చారు. కోతి హెరాయిన్ తీసుకోవడం తగ్గించింది, కొకెయిన్ తీసుకోవడం మాత్రం తగ్గించలేదు. టీకా బలం, బలహీనత రెండూ ఈ తొలి ప్రయోగంలోనే బయటపడ్డాయి. అది ఒక అణువును గుర్తిస్తుంది. మత్తు కోసం ఆరాటపడే ప్రాణిని గుర్తించదు.

ఈ కాలక్రమం గమనార్హం. మాదకద్రవ్యాన్ని గుర్తుపట్టే ప్రతిరక్షకం సైన్యానికి, పోలీసులకు కన్నుగా మొదట పనికివచ్చింది. రోగికి కవచం కాగలదన్న ఆలోచన తర్వాత బలపడింది. మెథడోన్ వంటి ప్రత్యామ్నాయ మందులు అందుబాటులోకి రావడంతో టీకా ఆలోచన రెండు దశాబ్దాలు అటకెక్కింది. మూత్రపరీక్ష మాత్రం ప్రపంచమంతటా స్థిరపడింది.

3. మనుషులపై పరీక్షలు చెప్పినది

కొకెయిన్ వ్యసనానికి ఆమోదం పొందిన మందు లేకపోవడం 1990లలో టీకా ఆలోచనకు మళ్లీ ప్రాణం పోసింది. 1995లో స్క్రిప్స్ సంస్థలో కిమ్ జాండా బృందం, 1996లో బార్బరా ఫాక్స్ బృందం జంతువుల్లో కొకెయిన్ టీకా ఫలితాలు ప్రకటించాయి. టీఏ–సీడీ అనే టీకా మనుషులపై పరీక్షల దాకా వెళ్లింది. 2009లో ప్రచురితమైన పరీక్షలో, మెథడోన్ చికిత్సలో ఉంటూ కొకెయిన్ కూడా వాడుతున్న 115 మంది పాల్గొన్నారు. టీకా పొందినవారిలో 38 శాతం మందికే తగినంత ప్రతిరక్షకాలు, అంటే మిల్లీలీటరుకు 43 మైక్రోగ్రాములు లేదా అంతకు మించి, ఏర్పడ్డాయి. వారి మూత్ర నమూనాల్లో 45 శాతం కొకెయిన్ లేనివి కాగా, మిగిలినవారిలో అది 35 శాతం. ఆ రక్షణ కూడా సుమారు రెండు నెలలే నిలిచింది. 2014లో ప్రచురితమైన, 300 మందితో జరిగిన పెద్ద పరీక్షలో ఆశించిన ఫలితం తేలలేదు. నికోటిన్‌కు తయారైన నిక్‌వ్యాక్స్ కథా ఇంతే. సుమారు వెయ్యి మంది చొప్పున జరిగిన రెండు మూడో దశ పరీక్షల్లో టీకాకు, ఉత్తుత్తి సూదికి తేడా కనిపించలేదని 2011లో తేలింది.

ఈ వైఫల్యం వెనుక ఒక సాదా లెక్క ఉంది. ఒక ఐజీజీ ప్రతిరక్షకపు అణుభారం సుమారు లక్షా యాభై వేలు, కొకెయిన్ అణుభారం సుమారు మూడు వందలు. ఒక ప్రతిరక్షకం రెండు అణువులనే పట్టగలదు. ఆ లెక్కన ఒక గ్రాము కొకెయిన్‌ను పూర్తిగా పట్టి ఆపడానికి దాదాపు 250 గ్రాముల ప్రతిరక్షకం కావాలి. మనిషి రక్తంలో అన్ని రోగాలకూ కలిపి ఉండే ఐజీజీ లీటరు ప్లాస్మాకు పది గ్రాములకు అటూ ఇటూ మాత్రమే. కాబట్టి టీకా వేసుకున్న వ్యక్తి మోతాదు పెంచితే కవచం ఛిద్రమవుతుంది. కొకెయిన్ పరీక్షల్లో పాల్గొన్న కొందరు అలా అతిగా వాడినట్లు పరిశోధకులే చెప్పారు. మత్తు ఎక్కడం లేదన్న కసితో పెంచిన మోతాదు గుండెకు ప్రమాదం తేవచ్చు, ఖర్చు వ్యక్తిని అప్పుల్లోకి తోయవచ్చు. ఓపియాయిడ్ల విషయంలో ప్రమాదం ఇంకా తీవ్రం. ప్రతిరక్షకాల మట్టం తగ్గిన రోజున పాత మోతాదే ప్రాణం తీయవచ్చు.

అదే లెక్క మరో వైపు ఆశను చూపుతుంది. ఫెంటానిల్ మోతాదు గ్రాముల్లో కాదు, మైక్రోగ్రాముల్లో ఉంటుంది. వంద మైక్రోగ్రాముల ఫెంటానిల్‌ను పట్టడానికి పాతిక మిల్లీగ్రాములలోపు ప్రతిరక్షకం చాలు. అందుకే హ్యూస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో ఎలుకల్లో ప్రకటించిన ఫెంటానిల్ టీకా ఫలితాలు ప్రపంచ దృష్టిని ఆకర్షించాయి. మార్కో ప్రవెటోని బృందం రూపొందించిన ఆక్సికోడోన్ టీకా మనుషులపై తొలిదశ పరీక్షకు చేరింది. బ్రెజిల్‌లోని మినాస్ జెరైస్ ఫెడరల్ విశ్వవిద్యాలయం రూపొందిస్తున్న కొకెయిన్ టీకా ‘కాలిక్స్‌కోకా’కు 2023లో అంతర్జాతీయ పురస్కారం లభించింది. అయితే ఇప్పటిదాకా వ్యసన చికిత్సకు ఏ టీకాకూ వాడకపు అనుమతి లేదు. పైగా టీకా కోరికను తగ్గించదు, మత్తు ఆగినప్పుడు పుట్టే బాధను తీర్చదు. మానాలని నిశ్చయించుకున్న వ్యక్తి ఒకసారి కాలు జారినా మళ్లీ ఊబిలో దిగబడకుండా ఆపడం దాని పని. ఆ పరిధిలో అది విలువైన సాధనమే.

4. హైదరాబాదు సామర్థ్యం

ఈ చర్చ హైదరాబాదుకు పరాయిది కాదు. శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశీయ హెపటైటిస్–బి టీకాను విడుదల చేసి, విదేశీ టీకా ధరను నేలకు దించింది. 1953లో స్థాపితమైన బయొలాజికల్–ఇ, 1996లో ఏర్పడిన భారత్ బయోటెక్ ప్రపంచ టీకా సరఫరాలో ముఖ్యస్థానం సంపాదించాయి. భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత పొందింది. అందులో టైఫాయిడ్ సూక్ష్మజీవి పైపొరలోని చక్కెర గొలుసును టెటనస్ టాక్సాయిడ్ అనే ప్రోటీనుకు తగిలిస్తారు. రక్షణ వ్యవస్థ తగినంతగా స్పందించని పదార్థాన్ని, అది బాగా గుర్తించే ప్రోటీను వీపున ఎక్కించడమే ఇందులోని కిటుకు. వ్యసన టీకాల్లోనూ జరిగేది ఇదే. టెటనస్ టాక్సాయిడ్ ఆ పరిశోధనల్లోనూ వాహక ప్రోటీనుగా వాడుకలో ఉంది. కోవాగ్జిన్‌లో వాడిన సహాయక పదార్థం రక్షణ వ్యవస్థలోని టీఎల్‌ఆర్–7, 8 గ్రాహకాలను ప్రేరేపిస్తుంది. అదే తరహా పదార్థాలను ఓపియాయిడ్ టీకాలకు జోడించి పరీక్షించారు.

కాబట్టి సమర్థమైన వ్యసన టీకా ఎక్కడ రూపుదిద్దుకున్నా, దాన్ని చౌకగా, కోట్ల మోతాదుల్లో తయారు చేయగల నగరాల్లో హైదరాబాదు ముందు వరసలో ఉంటుంది. ధర అడ్డంకి తొలగిన రోజున మిగిలే ప్రశ్న వినియోగ విధానమే. ఆ ప్రశ్నకు లింగంపల్లి పరిసరాల చరిత్ర జవాబు చెబుతుంది.

5. కల్లు చరిత్ర: మారుతూ పోయిన మందు

తాటి, ఈత చెట్ల కల్లు తెలంగాణ గ్రామజీవనంలో గౌడ వృత్తితో, బోనాల శాకతో, పండుగలతో పెనవేసుకున్నది. సమస్య చెట్టు కల్లుతో మొదలు కాలేదు. నగరం పెరిగేకొద్దీ తాగేవారు పెరిగారు, చెట్లు తగ్గాయి. ఈ ఎడాన్ని నీరు, శాకరిన్, మత్తుమందు పూడ్చాయి. తొలుత ఆ మత్తుమందు క్లోరల్ హైడ్రేట్. జనం నోట అది ‘క్లోరోహైడ్రేట్’ అయింది. తర్వాత డైజెపామ్, ఆ తర్వాత అల్ప్రాజోలం చేరాయి. ఒకదానిపై నిఘా పెరిగినప్పుడు మరొకటి ముందుకు వచ్చింది. మోతాదు ఎంత చిన్నదైతే అంత సులువుగా రవాణా అవుతుంది. వైద్యులు రాసే అల్ప్రాజోలం మాత్రలో సాధారణంగా పావు లేదా అర మిల్లీగ్రాము మందు ఉంటుంది. అర మిల్లీగ్రాము లెక్కన ఒక కిలో అల్ప్రాజోలం ఇరవై లక్షల మోతాదులకు సమానం. ఒక సంచిలో పట్టే సరుకు ఒక జిల్లాను మత్తులో ఉంచగలదు. 2025 సెప్టెంబరులో బోయినపల్లిలోని ఒక పాఠశాల భవనంలోనే అల్ప్రాజోలం తయారీ బయటపడటం ఈ వ్యాపారానికి ఎంత చిన్న చోటు చాలునో చూపింది.

కల్తీ కల్లు తాగేవారికి తాము దేనికి బానిసలవుతున్నారో తెలియదు. వారి దృష్టిలో అది కల్లే. ఇక్కడే కట్టడి చర్యల చరిత్ర ముఖ్యమవుతుంది. 2004లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హైదరాబాదు నగరంలో కల్లు దుకాణాలను మూసివేసింది. పదేళ్ల తర్వాత, 2014లో, తెలంగాణ ప్రభుత్వం వాటిని మళ్లీ తెరిచింది. 2015 సెప్టెంబరులో కల్తీపై ఎక్సైజు శాఖ ఉక్కుపాదం మోపగానే నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందలాది మంది వణుకు, మూర్ఛలు, మతిభ్రమణతో ప్రభుత్వాసుపత్రులకు చేరారు. మరణాలు కూడా సంభవించాయి. ప్రభుత్వం ఒక మంచి పని తలపెట్టింది, చికిత్సా ఏర్పాటు లేకుండా తలపెట్టింది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో మద్యం, కల్లు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థకు రోగులు బారులు తీరడం ఇదే పాఠాన్ని పునశ్చరణ చేసింది. 2025 జూలైలో లింగంపల్లికి కూతవేటు దూరంలోని కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు, మరికొందరు నిమ్స్‌లో చికిత్స పొందారు.

టీకా దృష్టితో చూస్తే ఈ చరిత్ర మూడు విషయాలు చెబుతుంది. మొదటిది, టీకా ఒక అణువుకు కట్టుబడి ఉంటుంది, బజారు అణువులను మారుస్తూ పోతుంది. క్లోరల్ హైడ్రేట్‌కు ఒక టీకా ఉండి ఉంటే డైజెపామ్ రాక ఇంకొంచెం వేగవంతమయ్యేది, అంతే. 1974లో కోతి చేసిన పనినే కల్లు వ్యాపారం సామూహిక స్థాయిలో చేసింది. రెండవది, ఈ ప్రాంతంలో అత్యధికులను పీడిస్తున్న మత్తుకు టీకా దారి దాదాపు మూసుకుపోయి ఉంది. మద్యంలోని ఇథనాల్ ప్రతిరక్షకాలు పట్టుకోలేనంత చిన్న అణువు, అది శరీరంలోకి వెళ్లేది పదుల గ్రాముల్లో. అల్ప్రాజోలం మోతాదు చిన్నదే కాబట్టి లెక్క ప్రకారం టీకాకు అనువైనదనిపించవచ్చు. కాని ఆ మందుకు బానిసైన శరీరంలో దాన్ని హఠాత్తుగా ఆపితే మూర్ఛలు వస్తాయి. వైద్యులు మోతాదును వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. ఆ అవస్థలో రక్తంలోని మందును పట్టి ఆపే టీకా 2015 నాటి అనుభవాన్ని రోగి ఒంట్లోనే పునఃసృష్టించే ప్రమాదం ఉంది.

మూడవది, పరిశోధనల ప్రాథమ్యం ఎవరిది అన్న ప్రశ్న. ప్రపంచంలో టీకా పరీక్షలు కొకెయిన్, నికోటిన్, ఓపియాయిడ్ల చుట్టూ జరిగాయి. అవి సంపన్న దేశాల ఆరోగ్య సంక్షోభాలు. 2019లో కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఎయిమ్స్ రూపొందించిన జాతీయ సర్వే, దేశంలో సుమారు 1.18 కోట్ల మంది నిద్ర, మత్తు మందులను వైద్యేతర అవసరాలకు వాడుతున్నారని అంచనా వేసింది. కల్లులో తెలియకుండా అల్ప్రాజోలం మింగేవారు తాము అది వాడుతున్నామని ఏ సర్వేకూ చెప్పలేరు.

6. సమ్మతి: ఖమ్మం నేర్పిన పాఠం

టీకా ఎంత మంచిదైనా అది ఇచ్చే పద్ధతి తప్పితే ఏమవుతుందో తెలుగునేల 2009లోనే చూసింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే హెచ్.పి.వి. టీకాపై పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి నాటి ఖమ్మం జిల్లాలో ఒక కార్యక్రమం చేపట్టాయి. భద్రాచలం సహా మూడు మండలాల్లో 10–14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందికి టీకాలు వేశారు. వారిలో చాలామంది గిరిజన బాలికలు, ప్రభుత్వ వసతిగృహాల్లో ఉండేవారు. కొన్ని మరణాల వార్తలతో కలకలం రేగి 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగింది. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో రుజువు కాలేదు. కాని తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సమ్మతి పత్రాలపై సంతకాలు చేసిన సంగతి వెల్లడైంది. 2013లో పార్లమెంటరీ స్థాయీసంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

హెచ్.పి.వి. టీకా ప్రయోజనం ప్రపంచమంతా అంగీకరించినదే. అయినా ఒక జిల్లాలో సమ్మతి విషయంలో జరిగిన లోపం టీకా మీదే అనుమానం రగిల్చింది. వ్యసన టీకా విషయంలో ఈ చిక్కు రెట్టింపవుతుంది. పిల్లలకు ముందుజాగ్రత్తగా ఇవ్వవచ్చా అన్న చర్చ పాశ్చాత్య దేశాల్లో రెండు దశాబ్దాల కిందటే జరిగింది. 2004లో అమెరికాలో జాతీయ అకాడమీల నివేదిక ఈ చికిత్సల నైతిక, న్యాయ, సామాజిక చిక్కులను వివరంగా పరిశీలించింది. కార్పొరేట్ కళాశాలలు, వసతిగృహాలు కిక్కిరిసిన మియాపూర్, నల్లగండ్ల, గచ్చిబౌలి ప్రాంతాల్లో ‘మా అబ్బాయికి ముందే వేయించేద్దాం’ అనే తల్లిదండ్రులు ఉండరని అనుకోలేము. ఆ టీకా పిల్లవాడిని ఒక అణువు నుంచి కొన్ని నెలలు కాపాడుతుంది. మిగతా మత్తుల ముందు నిరాయుధుడిగా వదిలేస్తుంది. పైగా ఓపియాయిడ్ టీకా అయితే, ప్రమాదంలో కాలు విరిగిన రోజున వైద్యుడు ఇచ్చే నొప్పిమందు ఎంపికను అది ఇరుకున పెట్టవచ్చు.

7. పరీక్ష, శిక్ష, చికిత్స

1985 నాటి మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం వాడకాన్ని కూడా నేరంగా చూస్తుంది. అయితే 64–ఏ సెక్షన్ కింద, స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్సకు ముందుకొచ్చే బానిసకు విచారణ నుంచి రక్షణ ఉంది. చికిత్స పూర్తిచేయకపోతే ఆ రక్షణను ఉపసంహరించవచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన స్థితులను మానసిక అనారోగ్యంలో చేర్చి, సమ్మతికి, ముందస్తు నిర్దేశానికి హక్కు కల్పించింది. ఒక చట్టం దృష్టిలో నిందితుడు, మరో చట్టం దృష్టిలో రోగి. టీకా వచ్చి చేరేది ఈ రెండింటి నడుమనున్న సందులోకి. ‘పూర్తి చికిత్స’ అన్న మాటకు టీకా కూడా అని అర్థం చెబితే, సూది వద్దన్నవాడు జైలుకు వెళ్లాల్సిన పరిస్థితి ఏర్పడుతుంది. అప్పుడు సంతకం ఉంటుంది, సమ్మతి ఉండదు.

2023లో ఏర్పడిన తెలంగాణ మాదకద్రవ్యాల నిరోధక విభాగం 2025లో ‘ఈగల్’గా రూపాంతరం చెందింది. నిఘా, దాడులు, మూత్రపరీక్షలు ఐటీ కారిడార్ వార్తల్లో తరచు కనిపించే మాటలయ్యాయి. అక్రమ తయారీని, రవాణాను పట్టుకోవడంలో ఈ వ్యవస్థ అవసరం నిర్వివాదం. కాని పరీక్ష పట్టీలోని ప్రతిరక్షకానికి, టీకా పుట్టించే ప్రతిరక్షకానికి మూలం ఒక్కటే అన్న చరిత్రను ఇక్కడ గుర్తుంచుకోవాలి. పట్టీ ఒక రోజు వాడకాన్ని చూపుతుంది. టీకా వేసుకున్న మనిషి రక్తంలో ప్రతిరక్షకం నెలల తరబడి నిలిచి, అతడు ఒకనాడు చికిత్స పొందినవాడని చాటుతుంది. ఉద్యోగ నియామకాలకు ముందు వైద్యపరీక్షలు మామూలైన ప్రాంతంలో ఆ జాడ ఒక ముద్రగా మారవచ్చు. ఎయిడ్స్ తొలి దశాబ్దాల్లో రక్తపరీక్ష ఫలితం బయటపడితే మనుషులు ఉద్యోగాలు, అద్దె ఇళ్లు కోల్పోయిన అనుభవం పాతబడలేదు.

8. ముగింపు

వ్యసన టీకాకు రెండు ముఖాలు ఉన్నాయి. శాస్త్రపరంగా అది నిజమైన హామీ. ముఖ్యంగా అతి తక్కువ మోతాదులో ప్రాణం తీసే ఫెంటానిల్ వంటి మందుల విషయంలో ప్రాణరక్షణ సాధనం కాగలదు. కాని లింగంపల్లి పరిసరాల చరిత్ర ఆ హామీకి హద్దులు గీస్తుంది. ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1. టీకా అణువుకు విరుగుడు, వ్యసనానికి కాదు. క్లోరల్ హైడ్రేట్ నుంచి అల్ప్రాజోలం దాకా సాగిన కల్తీ కల్లు చరిత్ర ఈ భేదాన్ని స్పష్టంగా చూపుతుంది.

2. చికిత్స లేని కట్టడి హాని చేస్తుందని 2015 అనుభవం నిరూపించింది. విరమణ చికిత్స పూర్తయిన తర్వాత, తిరిగి జారిపోకుండా తోడుగా మాత్రమే టీకాకు చోటు ఉండాలి.

3. సమ్మతి వ్యక్తిది కావాలి. వార్డెన్, యజమాని, న్యాయస్థానం, తల్లిదండ్రులు ఆ స్థానాన్ని ఆక్రమిస్తే ఖమ్మం వివాదం పునరావృతమవుతుంది.

4. టీకా రికార్డులు, ప్రతిరక్షక పరీక్షలు పోలీసు, ఉద్యోగ వ్యవస్థలకు అందకుండా చట్టం ముందే గోడ కట్టాలి.

5. తెలుగు ప్రాంతాల్లో విస్తృతమైన మద్యం, నిద్రమందుల వ్యసనానికి టీకా సమీప భవిష్యత్తులో జవాబు కాదు. కల్లు నమూనాల క్రమబద్ధమైన రసాయన పరీక్ష, జిల్లా ఆసుపత్రుల్లో విరమణ చికిత్స పడకలు, శిక్షణ పొందిన సిబ్బంది తక్షణ అవసరాలు.

టీకా తయారుచేయగల నగరం, దాన్ని అవసరపడే మనుషులు ఒకే రైలు మార్గం మీద ఉన్నారు. కూకట్‌పల్లిలో 2025లో మరణించినవారిని ఏ టీకా కాపాడగలిగేది కాదు. కల్లులో ఏం కలుపుతున్నారో పరీక్షించే వ్యవస్థ, బానిసైనవాడు భయం లేకుండా వెళ్లగలిగే ఆసుపత్రి కాపాడగలిగేవి. ఆ రెండూ సమకూరిన సమాజంలోనే టీకా చికిత్సగా నిలబడుతుంది. అవి లేనిచోట అది మరో పరీక్షగా, మరో శిక్షగా మిగిలిపోయే అవకాశమే ఎక్కువ.